ఆ కాగితాలు డాక్టరుకు చూపించొద్దంటున్నాడు నాన్న

విశాఖపట్నం మధురవాడ నుంచి ఒక టీచరమ్మ ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. పుట్టిల్లు శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో, కవిటి పక్కన ఒక పల్లె. నాన్నకు 57 ఏళ్లు. కొబ్బరితోట ఉంది, ఇప్పటికీ కాయల బస్తాలు తనే ఎత్తుతాడు. నాలుగేళ్ల క్రితం ఊళ్లో వైద్య శిబిరం పెట్టినప్పుడు రక్తపరీక్షలో కిడ్నీ జబ్బు బయటపడింది. గత నెల రిపోర్టులో కిడ్నీలు వడకట్టలేక రక్తంలో మిగిలే క్రియాటినిన్ 2.6, కిడ్నీలు ఎంత వడకడుతున్నాయో చెప్పే ఈజీఎఫ్ఆర్ 28, పొటాషియం 5.3, హిమోగ్లోబిన్ 8.9 ఉన్నాయి. డయాలసిస్ దాకా రాలేదు. బీపీకి టెల్మిసార్టాన్, కిడ్నీ డాక్టరు రాసిన డాపాగ్లిఫ్లోజిన్, సోడా మాత్రలు వాడుతున్నాడు. ఇవి కాక ఒళ్లు నొప్పులకు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మాత్రలు వేరే ఉన్నాయి.

ఏడాదిన్నరగా ఆయనకు కుడి గజ్జలో పేగు దిగుతోంది. పడుకుంటే లోపలికి పోయేది. ఈ రెండు నెలల్లో రెండుసార్లు ఇరుక్కుపోయింది, రెండోసారి రాత్రంతా వాంతులు చేసుకున్నాడు. విశాఖలో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో చూపిస్తే సర్జన్ హెర్నియా అని చెప్పి, ఆలస్యం చేయకుండా ఆపరేషన్ చేయించుకోమన్నారు. ఇంకేమైనా జబ్బులున్నాయా అని అడిగితే నాన్న, "బీపీ ఒక్కటే బాబూ" అన్నాడు. బయటికొచ్చాక కూతురి చెయ్యి పట్టుకుని, "ఆ కిడ్నీ కాగితాలు తియ్యకు. సూసినాడంటే ఆపరేషన్ సెయ్యడు" అన్నాడట. ఇంకో కారణం కూడా ఉంది. చెల్లెలికి విజయనగరం నుంచి సంబంధం వచ్చింది, మాటలు నడుస్తున్నాయి. ఆ ఆసుపత్రిలో పనిచేసే కాంపౌండరుది పక్క ఊరే. కిడ్నీ జబ్బు ఇల్లు అని తెలిస్తే సంబంధం తప్పిపోతుందని ఆయన భయం.

అమ్మ అసలు కోతే వద్దంటోంది. పక్కింటాయన పిత్తాశయం ఆపరేషన్ అయిన రెండు నెలలకే డయాలసిస్‌లో పడ్డాడట. హైదరాబాదులో ఉన్న తమ్ముడు మాత్రం ముందు రెండుసార్లు డయాలసిస్, రెండు సీసాల రక్తం ఎక్కించి, ఆ తర్వాత ఆపరేషన్ చేయిద్దామంటున్నాడు. "నాన్న మాట దాటి డాక్టరుకు చెబితే ఆయన నన్ను మళ్లీ నమ్మడు. చెప్పకుండా ఉండి ఏమైనా అయితే నా మొహం నేను చూసుకోలేను. ఏం చెయ్యమంటారు?" అని అడిగారు.

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నేను మత్తు డాక్టరును. ఆపరేషన్ టేబుల్ మీద పడుకున్న మనిషి తల దగ్గర ముప్పై ఏళ్లుగా నిలబడుతున్నాను. అందుకే మీ నాన్న దాచమన్న ఆ కాగితాల దగ్గరే మొదలుపెడతాను.

చాలా ఏళ్ల కిందట సోంపేట వైపు నుంచి వచ్చిన ఒక రైతుకు నేను మత్తు ఇచ్చాను. ఆయనదీ హెర్నియానే. షుగర్ లేదన్నాడు, బీపీ లేదన్నాడు, నేను అక్కడితో ఆగిపోయాను. ఉద్దానం మనిషని తెలిసి కూడా క్రియాటినిన్ చూద్దామన్న ఆలోచన రాలేదు. అది నా తప్పే. ఆపరేషన్ నలభై నిమిషాల్లో అయిపోయింది. తర్వాత నొప్పికి రోజుకు రెండు డైక్లోఫెనాక్ ఇంజెక్షన్లు, చీము పట్టకుండా జెంటామైసిన్ ఇచ్చారు. అందరికీ రాసే మందులే. మూడో రోజు పొద్దున యూరిన్ బ్యాగులో అరగ్లాసు కూడా లేదు. నాలుగో రోజు కోడలు ఊరి నుంచి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చింది. అందులో మడతల దగ్గర చిరిగిపోయిన పాత రిపోర్టు. క్రియాటినిన్ 3.1. బియ్యం డబ్బాలో దాచిపెట్టాడట. ఆయనకు ఏడుసార్లు డయాలసిస్ చేయాల్సి వచ్చింది.

ఆ కవరు వారం ముందు వచ్చి ఉంటే ఆపరేషన్ మానేసేవాళ్లమా? మానేవాళ్లం కాదు. అదే ఆపరేషన్, అదే టేబుల్ మీద చేసేవాళ్లం. ఆ రెండు మందులు మాత్రం రాసేవాళ్లం కాదు. మీ నాన్నకు ఈ ఒక్క మాట చేరితే చాలు. చూస్తే ఆపరేషన్ చెయ్యడన్న ఆయన భయం నిజం కాదు. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు కూడా ఆపరేషన్లు జరుగుతూనే ఉన్నాయి. జబ్బు తెలిస్తే చేసే పద్ధతి మారుతుంది, అంతే.

ఈజీఎఫ్ఆర్ 15 నుంచి 29 మధ్య ఉంటే నాలుగో దశ అంటారు. మీ నాన్న కిడ్నీలు పనిచేస్తున్నాయి, కానీ వాటి దగ్గర మిగులు లేదు. నెలాఖరులో ఇంట్లో డబ్బులాంటిది. రోజు గడిచిపోతుంది, అనుకోని ఖర్చు ఒక్కటి వచ్చిందంటే మాత్రం చెయ్యి చాచాల్సిందే. ఆపరేషన్ రోజుల్లో ఆ అనుకోని ఖర్చులు ఎక్కడి నుంచి వస్తాయో మాకు తెలుసు. బీపీ పడిపోవడం, ఒంట్లో నీరు తగ్గడం, నొప్పి ఇంజెక్షన్లు, కొన్ని యాంటీబయాటిక్‌లు, రంగు మందు ఎక్కించి తీసే స్కాన్‌లు. వీటిలో చాలా వాటిని తప్పించొచ్చు, కానీ తప్పించాలని తెలియాలి కదా. పైగా ఉద్దానం జబ్బుకు ఒక పాడు గుణం ఉంది. చాలామందికి షుగర్ ఉండదు, కాళ్ల వాపులు ఉండవు, మూత్రంలో ప్రొటీన్ కూడా పెద్దగా పోదు. బస్తాలు మోసే మనిషిని చూసి ఈయనకు కిడ్నీ జబ్బు ఉండొచ్చని ఏ డాక్టరూ అనుకోడు.

అయినా ఇది దాగదమ్మా. ఇప్పుడు ఆపరేషన్‌కు ముందు క్రియాటినిన్ చూడని ఆసుపత్రులు తక్కువ. ముందు రోజు సాయంత్రం రిపోర్టు వస్తుంది, సర్జన్ కంగారుపడతారు, ఆపరేషన్ ఆగిపోతుంది. మీ నాన్న దేనికి భయపడ్డాడో అదే జరుగుతుంది. వాళ్లు చూడకపోతే ఏమవుతుందో పైన చెప్పాను.

ఇక మీ అమ్మగారి భయం. దాన్ని ఉత్త భయమని నేను కొట్టిపారేయను. కిడ్నీ జబ్బున్నవాళ్లకు ఆపరేషన్ తర్వాత క్రియాటినిన్ పెరిగే ముప్పు మిగతావాళ్లకంటే ఎక్కువే. చాలామందికి మళ్లీ దిగుతుంది, కొందరికి పూర్తిగా దిగదు. ఏమీ కాదని మాటిచ్చే డాక్టరు దొరికితే నేనైతే ఇంకొకరిని అడుగుతాను. కానీ పక్కింటాయనకు జరిగిందే మీ నాన్నకూ జరుగుతుందనుకోనక్కర్లేదు. ఆయన పిత్తాశయంలో చీము పట్టి ఉందా, కిడ్నీలు అప్పటికే ఏ దశలో ఉన్నాయి, ఏ మందులు వాడారు, ఇవేవీ మనకు తెలియవు. గజ్జలో హెర్నియా పైపైన చేసే ఆపరేషన్. ముందుగా అనుకుని చేస్తే పొట్ట తెరవక్కర్లేదు, రక్తం పెద్దగా పోదు.

అమ్మగారి లెక్కలోకి రానిది ఇంకొకటి ఉంది. పేగు ఈసారి ఇరుక్కుని రక్తప్రసారం ఆగిపోతే అర్ధరాత్రి ఆపరేషన్ అవుతుంది. వాంతులతో ఒంట్లో నీరంతా పోయి ఉంటుంది, బీపీ పడిపోతుంది, పూర్తి మత్తు ఇవ్వాలి, పేగు ముక్క తీసేయాల్సి రావచ్చు. కిడ్నీకి పడనివన్నీ ఒక్క రాత్రే మీద పడతాయి. రెండుసార్లు ఇరుక్కుంది కాబట్టి మూడోసారి రాదని నేను చెప్పలేను. నొప్పి లేని హెర్నియాను కొంతకాలం కనిపెట్టుకుని ఉండొచ్చు. వాంతులదాకా వెళ్లినదాన్ని అలా వదిలేయకూడదు.

తమ్ముడు ప్రేమతోనే అంటున్నాడు గానీ, ముందు డయాలసిస్ అనే మాట ఇక్కడ సరిపోదు. క్రియాటినిన్ అంకె చూసి డయాలసిస్ చేయరు. పొటాషియం మందులకు లొంగనప్పుడు, ఊపిరితిత్తుల్లో నీరు చేరినప్పుడు, రక్తంలో ఆమ్లం బాగా పెరిగినప్పుడు, కిడ్నీ పనిచేయక మనిషి మగతగా అయిపోతున్నప్పుడు చేస్తారు. మీరు రాసినదాన్నిబట్టి నాన్నకు వీటిలో ఏదీ లేదు. అవసరం లేని డయాలసిస్ కోసం మెడలో గొట్టం వేస్తే ఇన్ఫెక్షన్ ముప్పు కొనితెచ్చుకున్నట్టే. ఇప్పటికే డయాలసిస్‌లో ఉన్నవాళ్లకు ఆపరేషన్‌కు ముందు రోజు చేయించడం వేరే సంగతి.

రక్తం గురించి ఇంకా జాగ్రత్త. 57 ఏళ్ల మనిషికి రేపు కిడ్నీ మార్పిడి ఆలోచన రావచ్చు. పరాయి రక్తం ఎక్కిస్తే ఒంట్లో యాంటీబాడీలు తయారై, అప్పుడు సరిపోయే కిడ్నీ దొరకడం కష్టమవుతుంది. ప్రాణం మీదికొస్తే ఎక్కించాల్సిందే. 8.9 హిమోగ్లోబిన్‌తో హెర్నియా ఆపరేషన్‌కు మాత్రం మామూలుగా ఆ అవసరం రాదు. రెండు మూడు వారాలు టైమ్ ఉంటే ఐరన్ ఇంజెక్షన్, అవసరమైతే ఎరిత్రోపోయిటిన్‌తో కొంత పెంచొచ్చేమో కిడ్నీ డాక్టరును అడగండి.

ఇప్పుడు మీ ముందు ఉన్న దారులు చూద్దాం.

చెల్లెలి పెళ్లి అయ్యేదాకా ఆపరేషన్ వాయిదా వేయడం ఒకటి. బహుశా మీ ఇంట్లో అందరికీ లోలోపల ఇష్టమైన దారి ఇదే. దీని ఖరీదు పైన చెప్పిన అర్ధరాత్రి. అది ముహూర్తం రోజునే రావచ్చు కూడా. నడుముకు బెల్టు కట్టుకుంటే హెర్నియా తగ్గదు. రెండు మూడు వారాలు ఆగడంలో తప్పు లేదు, ఆ రోజులు ఆయన ఒంటిని సిద్ధం చేయడానికి పనికొస్తాయి. నెలలు ఆగడం నాకు ఇష్టం లేదు.

మీరు చూపించిన ఆ చిన్న ఆసుపత్రిలోనే, కాగితాలన్నీ చూపించి చేయించడం రెండోది. సర్జన్ మీద నాన్నకు గురి కుదిరింది, అది చిన్న విషయం కాదు. వెళ్లి అడగండి. కిడ్నీ డాక్టరు వచ్చి చూస్తారా? రాత్రిపూట పొటాషియం పరీక్ష చేసే ల్యాబ్ ఉందా? అవసరం పడితే డయాలసిస్‌కు ఎక్కడికి పంపుతారు? ఈ మూడింటికీ తడుముకోకుండా జవాబు వస్తే అక్కడే చేయించుకోవచ్చు. "మా దగ్గర వద్దమ్మా, పెద్ద ఆసుపత్రికి వెళ్లండి" అంటే నొచ్చుకోకండి. అలా చెప్పిన సర్జన్ మీకు మేలు చేసినట్టు.

కిడ్నీ విభాగం, సర్జరీ, మత్తు డాక్టర్లు ఒకే ఆవరణలో ఉన్న, విశాఖ పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ లాంటి చోటుకు వెళ్లడం మూడోది. ఖర్చు తక్కువ. మనం ఇంకా ఆరోగ్యశ్రీ అనే పిలిచే ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు పట్టుకెళ్లి ఏది వర్తిస్తుందో అడగండి. కష్టం ఏమిటంటే ఓపీల చుట్టూ తిరగాలి, క్యూలో నిలబడాలి, తేదీ కోసం ఎదురుచూడాలి. ఇంకొకటి నాన్నకు ముందే చెప్పండి. ఉద్దానం నుంచి చాలామంది కిడ్నీ రోగులు అక్కడికి వస్తుంటారు. ఊరివాళ్ల కంట పడకూడదనుకుంటే ఆ కాంపౌండరు కంటే అక్కడి వరండాయే ఇబ్బంది. ఆపరేషన్ ఎక్కడ చేయించినా తర్వాతి పరీక్షలకు మాత్రం పలాసలో 2023 డిసెంబరులో మొదలైన 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మీ ఊరికి దగ్గర.

ఎక్కడికి వెళ్లినా ఒక మాట అడగండి: "గజ్జ దగ్గర మాత్రమే తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చి చేయడం కుదురుతుందా?" జాలీ పెట్టి కుట్టే హెర్నియా ఆపరేషన్‌ను చాలామందికి అలా చేయొచ్చు. వెన్నులో ఇచ్చే మత్తు మంచిదే, నేను వేలమందికి ఇచ్చాను, కానీ దాంతో బీపీ దిగుతుంది, కిడ్నీకి ఆ ప్రెజర్ కావాలి. కాసుకుని కూర్చుంటే దాన్నీ నిలబెట్టగలం. ల్యాప్రోస్కోపీకి మామూలుగా పూర్తి మత్తు ఇస్తారు, పొట్టలో గ్యాస్ నింపుతారు. మీ నాన్నకు నేనైతే దాన్ని చివరి వరసలో పెడతాను. కోత పెద్దదా చిన్నదా అన్నది ఇక్కడ అంత ముఖ్యం కాదు.

చెప్పడం ఎలా? నాన్నకు తెలియకుండా సర్జన్‌కు ఫోన్ చేసి చెప్పేయొచ్చు. ప్రాణానికి రక్షణ దొరుకుతుంది, కానీ రేపు రిపోర్టుల గురించి సర్జన్ అడిగినప్పుడు ఆయనకు తెలిసిపోతుంది. ఇంకా ఎన్నో ఏళ్లు ఆయన్ని కిడ్నీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సింది మీరే. అందుకే ఆయనకు ముందే చెప్పడం మేలనిపిస్తుంది: "నాన్నా, నువ్వు చెబితే నేను పక్కన కూర్చుంటాను. నువ్వు చెప్పకపోతే నేను చెబుతాను. వెనకాల మాత్రం చెప్పను." కోప్పడతాడు, రెండు రోజులు మాట్లాడడేమో. అయినా మోసపోయానని అనుకోడు. ఆయన కొంచెం మెత్తబడితే ఆ సోంపేట రైతు కథ చెప్పండి. తోటి రైతు మాట మా డాక్టర్ల మాట కంటే ముందు ఎక్కుతుంది.

గుట్టు గురించి సర్జన్‌నే నేరుగా అడగండి. గదిలో ఎవరూ లేనప్పుడు, "ఈ విషయం మీ స్టాఫ్‌లో అవసరమైనవాళ్లకు తప్ప తెలియకూడదండీ, చెల్లెలి పెళ్లి మాటలు నడుస్తున్నాయి" అని చెప్పండి. రోగి రహస్యం కాపాడటం డాక్టరు బాధ్యతని వైద్య వృత్తి నియమావళే చెబుతోంది. అడగడానికి మొహమాటపడక్కర్లేదు.

చెల్లెలి విషయం రాసేటప్పుడు మీ అక్షరాలు కూడా మారిపోయాయి, గమనించాను. ఉద్దానంలో ఆడపిల్లల తండ్రులు ఈ భయం మోస్తూ బతుకుతున్నారు, మీ నాన్నను నేను తప్పుపట్టలేను. ఇన్నేళ్లుగా పరిశోధనలు జరిగినా ఆ జబ్బుకు కారణం ఇదీ అని తేలలేదు. తండ్రికి ఉన్నంత మాత్రాన కూతురికి వస్తుందని ఎవరూ చెప్పలేరు. పెళ్లి సంగతి అటుంచి, ఆమె ఆరోగ్యం కోసమే క్రియాటినిన్, మూత్ర పరీక్ష చేయించండి, మీరూ చేయించుకోండి. పెళ్లివారికి చెప్పాలా వద్దా అన్నది ముందు చెల్లెలిని అడగండి. ఉత్తరంలో అందరి మాటలూ ఉన్నాయి, ఆమె మాట ఒక్కటీ లేదు. ఇప్పుడు చెబితే సంబంధం పోవచ్చు. చెప్పకపోతే పెళ్లయ్యాక మీ నాన్న డయాలసిస్‌కు వెళ్లే రోజు వచ్చినప్పుడు, దాచిపెట్టారన్న మాట ఆమె ఒక్కతే పడాలి. ఈ రెండింటిలో ఏది భరించగలదో తేల్చుకోవాల్సింది ఆ అమ్మాయే.

ఇక చేతిలో పని. నొప్పుల మాత్రలు ఈ రోజే ఆపించండి. జేబులు, దిండు కింద, తోటలో షెడ్డు కూడా వెతకండి. నొప్పికి పారాసెటమాల్ చాలు, డోసు డాక్టరును అడగండి. డాపాగ్లిఫ్లోజిన్‌ను మామూలుగా ఆపరేషన్‌కు మూడు రోజుల ముందు, టెల్మిసార్టాన్‌ను ముందు రోజు ఆపుతారు. ఎప్పుడు ఆపాలో, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో తేదీలతో రాయించుకోండి. చాలా ఇళ్లలో ఆపడం గుర్తుంటుంది, మొదలుపెట్టడం మరిచిపోతారు.

రాత్రి పది తర్వాత చుక్క నీళ్లు కూడా వద్దని నర్సు చెబితే డాక్టరును అడగండి. అన్నం ఆరు గంటల ముందు ఆపాలి గానీ, మంచినీళ్లు మామూలుగా రెండు గంటల ముందు వరకు తాగొచ్చు. మధ్యాహ్నం రెండింటిదాకా గొంతు ఎండబెట్టుకుని కూర్చోవడం ఆ కిడ్నీలకు మంచిది కాదు. ఆ రోజు మొదటి కేసుగా తీసుకోమని బతిమాలండి, తప్పులేదు.

సెలైన్ సూది ఎడమ ముంజేతికి పెట్టనివ్వకండి, ఆయన కుడిచేతి వాటమైతే. రేపు డయాలసిస్ వస్తే రక్తనాళాలు కలిపి ఫిస్టులా అనే దారి వేసేది మామూలుగా ఆ చేతికే. సూదులతో తాడులా గట్టిపడిపోయిన నరాలతో, రెండు చేతులూ చాపి మా ముందు కూర్చున్నవాళ్లను ఎందరినో చూశాను. అరచేతి వెనక పెట్టమనండి. ఎడమ చేతి మీద పెన్నుతో గుర్తు పెట్టినా సరే.

కొబ్బరి బొండాలు. చూడ్డానికొచ్చే ప్రతి చుట్టమూ తోట నుంచి నాలుగు కాయలు తెస్తాడు, ఆపరేషన్ అయినవాడికి చలవని. ఒక్క బొండంలో అర గ్రాముకు పైనే పొటాషియం ఉండొచ్చు. 5.3 దగ్గర ఉన్న మనిషికి అది చలవ కాదు, గుండె లయ తప్పించగలదు. బత్తాయి రసం కూడా అంతే. గది తలుపు దగ్గర మీరే నిలబడాలి. 5.5 దాటితే ఆపరేషనే వాయిదా పడొచ్చు.

ఆపరేషన్ అయ్యాక మూత్రం ఎప్పుడు పోశాడు, ఎంత అన్నది ఒక కాగితం మీద రాయండి. ఈ వయసు మగవాళ్లకు హెర్నియా తర్వాత మూత్రం బిగపట్టడం తరచూ జరుగుతుంది. పొత్తికడుపు ఉబ్బి ఆరేడు గంటలైనా రాకపోతే సిగ్గుపడకుండా నర్సును పిలవండి. మలబద్ధకానికి మెగ్నీషియం ఉన్న మందు గానీ, ఫాస్ఫేట్ ఎనీమా గానీ వద్దని చెప్పండి, లాక్టులోజ్ ఉంది. క్రియాటినిన్, పొటాషియం మర్నాడు, మూడో రోజు, వారానికి, మళ్లీ మూడు నెలలకు చూపించండి. ఇంటికి పంపేశారు కదా అని ఆ వారం పరీక్ష వదిలేయకండి.

ఈ లోపు నాన్నను మధురవాడకు తెచ్చి మీ దగ్గరే ఉంచుకోండి, బస్తాలకు దూరంగా. గడ్డ లోపలికి పోకుండా గట్టిపడినా, నొప్పి, వాంతులు మొదలైనా తెల్లారేదాకా ఆగొద్దు, చేత్తో బలంగా నొక్కొద్దు. 108కి ఫోన్ చేయండి. కిడ్నీ రిపోర్టు, మందుల చీటీ ఒక కవరులో పెట్టి, చెప్పులు విడిచే చోట గోడకు మేకు కొట్టి తగిలించండి. ఎవరు ముందు బయటికి పరిగెత్తినా చేతికి అందాలి.